గోడెక్కే బండిని చూసి కొనడం

ఈమధ్య కనిగిరి వైపు నుంచి ఇద్దరు యువకులు మా ఇంటికి వచ్చారు. తిరునాళ్లల్లో చెక్కబావి కట్టి, దాని గోడల మీద మోటారు సైకిలు నడిపే పనిలో దిగాలని వాళ్ల ఆలోచన. ఆ పనిలోనే నా జీవితమంతా గడిచిందని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చారు. ఒకతను ఫోనులో ఫొటో చూపించాడు. ఎర్రరంగు స్పోర్ట్స్ బైకు. చూడముచ్చటగా ఉంది. ఇది కొనొచ్చా అని అడిగాడు.

వాళ్లకు నాకు తెలిసింది చెప్పి పంపించాను. వాళ్లు వెళ్లాక, చెప్పాల్సిన అసలు సంగతి చెప్పలేదనిపించింది. అందుకని రాస్తున్నాను. ఏ ఊళ్లో ఎంత పేరు వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అనేవి ఇందులో ఉండవు. ఒక బండిని కొనే ముందు మేం ఎలా చూశామో, చూసి కూడా ఎలా పొరపడ్డామో అదే రాస్తాను.

బావి అంటే ఇది

కొందరు మృత్యుకూపం అంటారు. మేం బావి అనే అనేవాళ్లం. పొడవాటి చెక్కలను పక్కపక్కన నిలబెట్టి, ఇనుప పట్టీలతో బిగించి, గుండ్రంగా కట్టిన గోడ అది. అడుగున గుండ్రటి నేల. నేలకూ గోడకూ మధ్య చుట్టూ వాలుగా చెక్కలుంటాయి. బండి నేల మీద తిరిగి వేగం అందుకుని వాలు ఎక్కుతుంది. వాలు మీంచి గోడ ఎక్కుతుంది. జనం బయటి మెట్లెక్కి, పై అంచు చుట్టూ నిలబడి, లోపలికి తొంగి చూస్తారు. అంచుకు కాస్త కిందగా ఒక ఎర్ర గీత ఉంటుంది. దాన్ని దాటితే బండి జనంలోకి పోతుంది.

చూసేవాళ్లకు గోడంటే భయం. మాకు వాలంటే భయం. గోడ మీద ఉన్నంతసేపు వేగమే మనిషిని చెక్కలకు అదిమి పెడుతుంది. వాలు మీద అట్లా కాదు. అక్కడ బండి నేలదీ కాదు, గోడదీ కాదు. ఇంజను ఒక్క క్షణం తడబడినా, ఒక్క క్షణం ఎగిరిపడినా అంతే. నేను చూసిన దెబ్బల్లో చాలావరకు వాలు దగ్గర తగిలినవే.

ఇంకో సంగతి. గోడ మీద మనిషి మూడింతల బరువవుతాడు. చెయ్యి ఎత్తాలంటే ఎవరో కిందికి లాగుతున్నట్టుంటుంది. తల మెడ మీద నిలవదు. బండి కూడా అంతే బరువవుతుంది. రోడ్డు మీద నూరేళ్లు నడిచే చక్రం గోడ మీద ఒక సాయంత్రంలో విరగొచ్చు. అందుకే బావికి బండి కొనడం, ఊళ్లో తిరగడానికి బండి కొనడం ఒకటి కాదు.

రాజమ్మ చూసే పద్ధతి

నాకు పని నేర్పింది రాజమ్మ. గిద్దలూరు మనిషి. ఆమె భర్త కూడా బావిలో రైడరే. అతను కామెర్లొచ్చి పోతే, ఆ బండి ఈమె ఎక్కింది. నేను చేరేనాటికి ఆమెకు ముప్ఫై దాటి ఉంటాయి. చీర గోచీ పోసి కట్టి, పైన మగవాళ్ల చొక్కా వేసుకునేది. మాట తక్కువ. నేను అక్కా అని పిలిచేవాణ్ని.

బండి అమ్మకానికి ఉందని తెలిస్తే ఆమె ముందు మాట్లాడకుండా పోయి ఇంజను మీద అరచెయ్యి ఆనించేది. మనం వచ్చేసరికే ఇంజను వెచ్చగా ఉందంటే, అమ్మేవాడు ముందే స్టార్టు చేసి పెట్టాడన్నమాట. చల్లటి ఇంజను వెంటనే అందుకోదని అతనికి తెలుసు. పొదిలిలో ఒక పెద్దమనిషి ఇంటికి పోతే, ఇంజను మీద చెయ్యి వేసి, మంచినీళ్లు తాగి వస్తామని చెప్పి మమ్మల్ని వెనక్కి తీసుకొచ్చేసింది. సాయంత్రం చెప్పకుండా మళ్లీ పోయాం. ఎంత కిక్కు కొట్టినా ఆ బండి కదల్లేదు.

తర్వాత హ్యాండిలు కింద, ఫ్రేము గొట్టాలు కలిసేచోట చూసేది. అక్కడ పెచ్చు లేచినా, సన్నటి తుప్పు గీత కనబడినా వద్దనేది. కొత్తగా రంగు వేసి ఉంటే ఇంకా అనుమానించేది. చక్రాల స్పోకులను ఒక్కొక్కటే స్క్రూడ్రైవరుతో తట్టి వినేది. గట్టిగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైంది మొద్దుగా పలుకుతుంది. ఆ తర్వాత సీటు మీద, ట్యాంకు మీద బియ్యం మూటలు వేయించి, మనిషిని కూర్చోబెట్టి, గుంతల్లో నడిపించేది. అమ్మేవాళ్లకు కోపం వచ్చేది. గోడ మీద ఆ బండి మోయబోయే బరువు అంతకంటే ఎక్కువని వాళ్లకు తెలియదు.

చివరికి సున్నంతో నేల మీద బావి అంత గుండ్రం గీసి, అందులో బండిని తిప్పేది. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఎంత వేగంగా పోతుందో చూడటానికి కాదు. తక్కువ వేగం నుంచి కుదుపు లేకుండా లాగుతుందా, లేదా అని చూడటానికి.

ఇవన్నీ నేర్చుకోవచ్చు. నేను నేర్చుకున్నాను. నాతోపాటే ఉన్న ఓబులేసు కూడా నేర్చుకున్నాడు.

మా శెట్టిగారు

బావి యజమాని సుబ్బయ్య శెట్టిగారు. మార్కాపురంలో బట్టల దుకాణం ఆయనది. రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, మార్కాపురం, గిద్దలూరు ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడు, ఒక మద్రాసు కంపెనీ దివాలా తీస్తే వాళ్ల బావి ఆయన కొన్నారు. ఆయనకు మోటారు సైకిలు నడపడం రాదు. అయితే బావి అంటే ప్రాణం.

ఆయన గురించి ఊళ్లో చాలామంది చాలా రకాలుగా చెప్పారు. నేను చూసింది చెబుతాను. జీతం ఆపిన మనిషి కాదు. మాతోపాటే కూర్చుని తినేవారు. వాన పడి జనం రాని ఊళ్లో కూడా మమ్మల్ని పస్తు పెట్టలేదు. ఆయనకున్న లోపం ఒకటే. ఎవరైనా రెండు మాటలు చెబితే అందులో తనకు నచ్చిన మాటే వినేవారు. యజమానుల్లో ఈ లోపం చాలామందికి ఉంటుంది. తర్వాత యజమానినయ్యాక నాలోనూ చూశాను.

మేం రైడర్లం ముగ్గురం. రాజమ్మ, ఓబులేసు, నేను. ఓబులేసుది రాచర్ల. గొర్రెల కాపరుల ఇల్లు. నాకంటే ఐదారేళ్లు పెద్ద. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. రైడరుగా గొప్పవాడు కాదు. పాత బండి మీద చెప్పింది చెప్పినట్టు చేసేవాడు, ఎర్ర గీత జోలికి పోయేవాడు కాదు. సీజను అయిపోతే ఇంటికి పోయి భార్య చెన్నమ్మతో కలిసి గొర్రెలు తోలుకునేవాడు.

ఆ ఏడు కనిగిరి తిరునాళ్లలో ఇంకో కంపెనీ బావి వచ్చింది. వాళ్ల దగ్గర పెద్ద బండ్లున్నాయి. ఆ శబ్దానికి జనమంతా అటే పోయారు. మా బావి చుట్టూ మెట్లు ఖాళీగా కనబడ్డాయి. శెట్టిగారు ఆ రెండు రోజులూ సరిగా భోంచేయలేదు. మార్కాపురం చెన్నకేశవస్వామి తిరునాళ్లకు అదే కంపెనీ వస్తే మనం బావి విప్పేసుకోవాల్సిందే అన్నారు. విప్పేస్తే వంటమనిషితో సహా అందరి బతుకూ పోతుంది. 

దొనకొండ బండి

దొనకొండ రైల్వే కాలనీలో డిక్రూజ్ అనే ఇంజను డ్రైవరు ఉండేవాడు. అందరూ డిక్రూజ్ దొర అనేవారు. రిటైరయ్యాక, ఆస్ట్రేలియాలో ఉన్న తమ్ముడి దగ్గరికి పోతున్నాడు. వయసులో ఉన్నప్పుడు మద్రాసు దగ్గర జరిగే పందేల్లో బండి తోలినవాడు. ఆ పందెపు బండి అమ్ముతున్నాడని తెలిసి శెట్టిగారు మా ముగ్గురినీ వెంటబెట్టుకుని రైలెక్కారు.

బండిని ఒక గదిలో దుప్పటి కప్పి పెట్టాడు. దుప్పటి తీయగానే ఓబులేసు మెల్లగా ఈల వేశాడు.  పొడవాటి ట్యాంకు, ముందుకు వంగి పట్టుకునే పొట్టి హ్యాండిలు, వెనక్కి వెడల్పవుతూ పోయే పొగగొట్టం. ఎక్కడా ఒక మరక లేదు.

రాజమ్మ ఇంజను మీద చెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. ఫ్రేము చూసింది. స్పోకులు తట్టింది. బండి చుట్టూ తిరుగుతున్నకొద్దీ ఆమె ముఖం మారింది. అన్ని బండ్లు చూసిన మనిషికి, ఒక్క వంక కూడా పెట్టలేని బండి ఎదురైంది.

దొర ఏదీ దాచలేదు. ఇది ఆముదం కలిసిన ఆయిలే తాగుతుందని, కిక్కుతో కాక తోసి స్టార్టు చేయాలని, క్లచ్ గట్టిదని తనే చెప్పాడు. యుద్ధం రోజుల్లో వేసిన విమానాల బాట ఊరి పక్కనే ఉంది. అక్కడికి తీసుకుపోయి నడిపి చూపించాడు. ఆ వయసులో ఆయన ట్యాంకు మీద పడుకుని పోతుంటే చూపు అందుకోలేకపోయింది. బాట చివరిదాకా పోయి తిరిగి వచ్చాక, కాలిన ఆముదం వాసన చాలాసేపు మా చుట్టూ ఉండిపోయింది.

అప్పుడు శెట్టిగారు రాజమ్మను అడిగారు, బండి మంచిదేనా అని.

"మంచి బండి అన్నా. ఇంత మంచి బండి నేను చూడలేదు" అంది రాజమ్మ. ఆ వెంటే, "మనకొద్దు" అంది.

శెట్టిగారు మొదటి మాట విన్నారు.

ఎందుకు వద్దో చూపిద్దామని రాజమ్మ బాట మీద సున్నంతో గుండ్రం గీయించింది. ముందు ఓబులేసును తిప్పమంది. బండి నెమ్మదిగా ఉన్నప్పుడు ఇంజను దగ్గుతున్నట్టు ఆగిపోయింది. ఇంకోసారీ ఆగింది. మూడోసారి అతను యాక్సిలరేటరు ఎక్కువ తిప్పాడు. లాగదు, లాగదు అనుకుంటుండగా ఒక్కసారిగా అందుకుని, గీత దాటి, తుమ్మచెట్ల దాకా ఎత్తుకుపోయింది. దిగి అక్కడే నవ్వుతూ కూర్చున్నాడు. మేమూ నవ్వాం. నేను తిప్పినా దాదాపు అట్లాగే అయింది. రాజమ్మ తిప్పినప్పుడు మాత్రం గీత దాటకుండా తిరిగింది. క్లచ్ మీద రెండు వేళ్లుంచి, సగం పట్టి సగం వదులుతూ, ఇంజను వేగం పడిపోకుండా చూసుకుంది.

మేం ఎందుకు కొంటున్నామో దొరకు అప్పటిదాకా తెలియదు. బావి అని చెప్పగానే ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"దీనికి మెల్లిగా పోవడం రాదు శెట్టిగారూ. నేనైతే గోడ మీద పెట్టను" అన్నాడు.

తన బండి అమ్ముకోవాల్సిన మనిషే ఆ మాట అన్నాడు. అంతకంటే గట్టి మాట ఎక్కడ దొరుకుతుంది? అయినా శెట్టిగారు, అలవాటైతే అదే వస్తుంది, మనవాళ్లు కొత్తలో పాత బండి మీద కూడా పడినవాళ్లే కదా అన్నారు. ఒక వారం బండి తీసుకుపోయి బావిలో చూసుకుంటామని అడిగారు. దొర సరేనన్నాడు.

రాజమ్మ ఎక్కింది

మార్కాపురం తిరునాళ్ల మైదానంలో అప్పటికే బావి నిలబెట్టారు. నేను బండికి కొన్ని మార్పులు చేశాను. ఆ పొట్టి హ్యాండిలుతో ముందుకు వంగితే గోడ మీద తల పైకెత్తలేం, ఎర్ర గీత కనబడదు. దాన్ని తీసి మా పాత బండి హ్యాండిలు వేశాను. వెనక చక్రానికి పెద్ద పళ్లచక్రం వేస్తే కింది వేగంలో కాస్త మెత్తబడింది. కాస్తే. ఇంజను స్వభావం మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆ రోజు పొద్దున జనం లేరు. మేమే ఉన్నాం. గోడెక్కించబోతే బండి ఎట్లా మొరాయిస్తుందో శెట్టిగారు కళ్లారా చూస్తే ఆయనే వద్దంటారని రాజమ్మ లెక్క. అందుకే తనే ఎక్కుతానంది. మమ్మల్నిద్దరినీ ఎక్కనివ్వలేదు.

నేల మీద తిరుగుతున్నప్పుడు ఇంజను దగ్గుతూ, అరుస్తూ ఉంది. వాలు అంచుకు వచ్చేసరికి ఆమె వేళ్లు క్లచ్ మీద ఆడటం నాకు కనబడింది. బండి ఒక్కసారి గుంజుకుంది. ఆమె ఒళ్లంతా వెనక్కి పోయి, మళ్లీ ముందుకు వచ్చింది. తర్వాత గోడ మీద ఉంది. పైకి పోయింది. ఆ శబ్దానికి చెక్కలన్నీ వణికాయి. అయిదారు చుట్లు తిరిగి, నిదానంగా దిగింది. దిగాక హ్యాండిలు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడింది. ముఖం పాలిపోయింది. పై నుంచి శెట్టిగారు చప్పట్లు కొడుతూ మెట్లు దిగి వచ్చారు.

"ఎక్కింది గదమ్మా" అన్నారు.

"నేనెక్కినాను అన్నా. బండి ఎక్కలేదు" అంది రాజమ్మ.

ఆయన అది గర్వమనుకుని నవ్వారు. ఆ మాటకు అర్థం ఆ రోజు నాకూ పూర్తిగా తెలియలేదు. వయసు అట్లాంటిది. ఆ బండి నాకెప్పుడు ఇస్తారా అనే నా ధ్యాస. తర్వాత నా పని అనుభవమంతా కలిసి నాకు నేర్పింది ఆ ఒక్క మాటలో ఉంది. చెయ్యి తిరిగిన మనిషి బండిని పరీక్షిస్తే, ఆ చెయ్యే బండి లోపాన్ని కప్పేస్తుంది. వేళ్లు వాటంతట అవే సర్దుకుంటాయి. పైనుంచి చూసేవాడికి బండి బాగా నడిచినట్టే కనబడుతుంది.

శెట్టిగారు ఆ వారమే బండి కొనేశారు. దొర సముద్రం దాటిపోయాడు.

తిరునాళ్ల

కనిగిరిలో మమ్మల్ని ఓడించిన కంపెనీ కూడా వచ్చింది. ఈసారి జనం మా దగ్గరికి వచ్చారు. మైదానం ఆ చివర ఉన్నా మా బండి గొంతు వినబడేది. మెట్ల దగ్గర తోపులాట ఆపడానికి మనుషుల్ని పెట్టాల్సి వచ్చింది. మేం పాత బండ్ల మీద మొదట ఆడేవాళ్లం. చివర్లో రాజమ్మ పెద్ద బండి ఎక్కేది. ప్రతి ఆట అయ్యాక ఎడమచేతి వేళ్లు ఉప్పునీళ్లలో పెట్టుకుని కూర్చునేది. ఆ క్లచ్ అంత గట్టిది.

ఓబులేసుకూ నాకూ పొద్దున పూట ఆ విద్య నేర్పాలని చూసింది. క్లచ్ ఎంత వదలాలి అక్కా అని ఓబులేసు అడిగితే, ఎంతని చెప్పేది పాపం. అది వేళ్లకు తెలియాల్సిందే గాని నోటితో చెప్పేది కాదు. నేల మీద తిప్పడం మాకు కొంత పట్టుబడింది. వాలు మాత్రం ఇంకా వద్దంది.

తిరునాళ్ల సగంలో రాజమ్మకు చలిజ్వరం వచ్చింది. ఆ సాయంత్రం లేవలేకపోయింది. గుడారంలో రెండు కంబళ్లు కప్పుకుని పడుకుంది. పాత బండ్ల మీద మా ఆట అయిపోయింది. జనం కదల్లేదు. పెద్ద బండి, పెద్ద బండి అని అరుస్తున్నారు. కొందరు చెక్కల్ని తన్నడం మొదలుపెట్టారు. శెట్టిగారు కిందికి వచ్చారు. ఎక్కమని ఎవరినీ అడగలేదు. అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఊరికే మా ముఖాలు చూస్తూ నిలబడ్డారు. ఆ చూపు చాలు.

"నేనెక్కుతా. రెండు చుట్లు తిరిగి దిగుతా" అన్నాడు ఓబులేసు.

పాత బండే ఇంకోసారి తీద్దాం అన్నా అని నేనన్నాను. "వీళ్లు ఊరుకుంటారా? చూడు ఎట్ల తన్నుతాండారో" అని నవ్వాడు. నవ్వుతూనే బండి తోశాడు.

నేల మీద బాగానే తిరిగాడు. వాలు మీదికి ఎత్తాడు. ఇంజను దగ్గింది. దొనకొండలో చేసినట్టే, లాగడం లేదని యాక్సిలరేటరు ఎక్కువ తిప్పాడు. అందుకుంది. వాలూ గోడా కలిసే చోట ముందు చక్రం గాల్లోకి లేచింది. బండి నిలువుగా వెనక్కి తిరగబడి, అతని మీద పడింది. పైన జనానికి ముందు అర్థం కాలేదు. అదీ ఆటలో భాగమే అనుకుని కొందరు చప్పట్లు కొట్టారు.

శబ్దం ఆగిపోయిన తీరు విని రాజమ్మ కంబళ్లు వదిలేసి పరుగెత్తుకు వచ్చింది. బండి పైకెత్తింది మేమిద్దరం, శెట్టిగారు. ఆస్పత్రిలో చేయగలిగిందంతా చేశారు. ఓబులేసు మూడో రోజు తెల్లవారకముందే పోయాడు.

రాచర్ల

శవాన్ని లారీలో రాచర్ల తీసుకుపోయాం. జ్వరంతోనే రాజమ్మ కూడా ఎక్కింది. శెట్టిగారు వద్దన్నా వినలేదు. ఆయన ముందు సీట్లో కూర్చున్నారు.

ఊళ్లో అప్పటికే రకరకాలుగా చెప్పుకుంటున్నారు. బండిలో దెయ్యముందని ఒకరు, దొర ఇంట్లో ఎవరో చచ్చిన బండి అని ఒకరు. దాన్ని తగలబెట్టాలని ఓబులేసు అన్నదమ్ములు అన్నారు. శెట్టిగారు గుమ్మం దాటి లోపలికి రాలేకపోయారు. దడి పక్కన నిలబడిపోయారు.

కార్యక్రమమంతా అయిపోయాక చెన్నమ్మ రాజమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది. నేను దగ్గర్లోనే ఉన్నాను. చెన్నమ్మ ఏడవడం లేదు. ఆమెకు తెలుసుకోవాల్సింది ఒకటి ఉంది.

"నువ్వు అన్ని దినాలు ఎక్కినావు గదక్కా. ఆయనకే ఎందుకట్ల అయింది? బండి మంచిది కాదా?" అని అడిగింది.

ఆ సమయంలో చెప్పడానికి సులువైన మాటలు చాలా ఉన్నాయి. రాత అనొచ్చు. బండి పాడుదనొచ్చు. ఆయన తొందరపడ్డాడనొచ్చు. రాజమ్మ అవేవీ చెప్పలేదు.

"బండి మంచిదే చెన్నమ్మా. మా పనికి మంచిది కాదు. వద్దని ముందుగాల చెప్పింది నేనే. మళ్ల దాన్ని ఎక్కి, ఎక్కుతాదని చూపించిందీ నేనే. నేనెక్కకపోతే కొనేటోళ్లు కాదు" అంది.

చెన్నమ్మ చివరిదాకా వింది. తర్వాత, కోపం లేకుండానే, "వద్దన్నదానివి వద్దనే ఉండాల్సింది గదక్కా" అంది.

రాజమ్మ తల ఊపింది.  ఆ తర్వాత ఎన్నో ఏళ్లు కలిసి పనిచేశాం. ఎన్నడూ ఆ మాటకు సాకు వెతుక్కోలేదు.

శెట్టిగారే చంపారని మార్కాపురంలో కొందరు అన్నారు. నేను ఆ మాట అనను. దొర చెప్పాడు, రాజమ్మ చెప్పింది, సున్నపు గీత చెప్పింది. నిజం మా కళ్ల ముందే ఉంది. అయితే ముందుగా మంచి బండి అని, తర్వాత వద్దు అని చెప్పాం. కొనేవాడు అడగాల్సింది బండి మంచిదా అని కాదు. చూసేవాడు చెప్పాల్సిందీ అది కాదు. ఏ పనికి, ఎవరి చేతికి, అదే మొదట చెప్పాలి. ఆ బండిని తర్వాత మద్రాసు పందేలవాళ్లు కొనుక్కుపోయారు. తిన్నని బాట మీద అది చాలాకాలం బాగా పరుగెత్తిందని విన్నాను. తగలబెట్టి ఉంటే అన్యాయమే అయ్యేది.

వద్దు అనే మాట

శెట్టిగారు ఆ సీజను బావి విప్పేశారు. చెన్నమ్మ ఇంటికి ఆయన చేయాల్సింది చేశారు. ఎంత చేశారో ఎవరికీ చెప్పలేదు. మరుసటి ఏడు మళ్లీ కడదామని మమ్మల్ని పిలిస్తే, రాజమ్మ రెండు షరతులు పెట్టింది. కొత్త బండి ఏదైనా ముందు మాలో అందరికంటే చెయ్యి తిరగని రైడరు తిప్పి చూడాలి. ఇది మొదటిది. రెండోది, ఏ రైడరు వద్దన్నా ఆ బండి వద్దు.

ఎందుకు వద్దో కారణం చెప్పాలి కదా అన్నారు శెట్టిగారు. ఆయన అడిగింది సబబే.

"కారణం అడగొద్దన్నా. కారణం చెప్పలేనోడే ముందు పడేది" అంది రాజమ్మ.

ఆయన ఒప్పుకున్నారు. బతికినంతకాలం ఆ మాట తప్పలేదు. ఆ షరతుల వల్ల మేం వదులుకున్న బండ్లలో కొన్ని నిజంగా మంచివే అయి ఉంటాయి. వదులుకున్నందుకు కడుపు మాడిన రోజులూ ఉన్నాయి. రాజమ్మ వేళ్లు పట్టు తప్పేదాకా గోడెక్కింది. ఆ తర్వాత గిద్దలూరులో తన ఇంట్లో, ముసలితనంతో పోయింది. శెట్టిగారు పోయాక బావి నా చేతికి వచ్చింది.

నేను యజమానిగా కొన్న మొదటి బండి గురించి చెప్పి ముగిస్తాను. సరిగా చెప్పాలంటే, కొనబోయిన బండి. బేస్తవారిపేటలో ఒక మిల్లు యజమానిది. పందెపు బండి కాదు, మామూలు బండి, మా పనికి చక్కగా సరిపోయేది. ఇంజను చల్లగా ఉంది. ఫ్రేము శుభ్రంగా ఉంది. మూటలు వేసి నడిపాను. గుండ్రం గీసి తిప్పాను. మెత్తగా లాగింది. ధర కూడా కుదిరింది. ఇంతకాలానికి నాదంటూ ఒక బండి కొంటున్నానని లోలోపల సంతోషంగా ఉంది. అప్పుడు మా రైడర్లలో అందరికంటే చెయ్యి తిరగనివాడు ఖాదర్. ఎక్కమన్నాను. అతను నాలుగు చుట్లు తిప్పి, దిగి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, నా ముఖం చూడకుండా "వద్దన్నా" అన్నాడు.

ఎందుకని అడగబోయాను. మాట నోటిదాకా వచ్చింది. మిల్లు యజమాని నా వైపే చూస్తున్నాడు. నాకు శెట్టిగారు గుర్తొచ్చారు. ఆ చోట నిలబడితే ఎంత కష్టంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

బండి వద్దని చెప్పి, క్షమించమని నమస్కారం పెట్టి వచ్చేశాం. ఆయన చాలా కోపగించుకున్నాడు. ఆ బండిని ఒక పాల వ్యాపారి కొన్నాడు. బేస్తవారిపేట, కంభం మధ్య పాలక్యాన్లు మోస్తూ అది ఏళ్ల తరబడి నా కళ్ల ముందే తిరిగింది. ఎక్కడా ఆగినట్టు వినలేదు. ఖాదర్ మా బావిలో చాలా సీజన్లు గోడెక్కి, దిగి, మానుకుని, తన కాళ్ల మీద తను నడిచి ఇంటికి పోయాడు. ఇప్పటికీ అప్పుడప్పుడు కలుస్తాం, టీ తాగుతాం. ఆ బండిలో ఏం తేడా కనబడిందో అతను చెప్పలేదు. నేను అడగలేదు.